బోనులో అమ్మ

మా అక్క కొడుక్కి మూడేళ్ళప్పుడు ఆటిజం అని తేలింది. బావ ఊళ్ళో లేకపోవడంతో ఆ రోజు అక్కకి తోడుగా నేను వెళ్ళాను. లోపలికి పిలిచేలోపు నింపమని ఒక ఫారం ఇచ్చారు. నాలుగు పేజీలు. అందులో రెండు పేజీలు అక్క కడుపుతో ఉన్న తొమ్మిది నెలల గురించే. జ్వరం వచ్చిందా? ఏ మందులు వాడారు? బీపీ, షుగర్, థైరాయిడ్ ఉన్నాయా? ఒత్తిడికి లోనయ్యారా? ఎన్నో నెల దాకా ఉద్యోగం చేశారు? బావ గురించి అడిగినవి మూడే: పేరు, చదువు, ఉద్యోగం.

అవి అడగాల్సిన ప్రశ్నలే. వైద్యులకి ఆ వివరాలు కావాలి. కానీ అక్క ఆ ఫారం నింపుతున్న తీరు చూస్తే వివరాలు ఇస్తున్నట్టు లేదు, నేరం ఒప్పుకుంటున్నట్టు ఉంది. "ఐదో నెలలో జ్వరమొస్తే రెండు డోలో వేసుకున్నాన్రా, అది కూడా రాయాలా?" అని అడిగింది. రాయమన్నాను. రాసింది. కాసేపాగి దాని పక్కన బ్రాకెట్లో 'డాక్టరు గారే వేసుకోమన్నారు' అని చేర్చింది.

ఆ బ్రాకెట్ నన్ను చాలా కాలం వదల్లేదు. ఎవరూ అడగని ప్రశ్నకి అక్క జవాబు ఎందుకు రాసింది? ఆ ప్రశ్న తనలోకి ఎక్కణ్ణుంచి వచ్చింది? నేను డాక్టర్ని కాదు, కోడు రాసుకునే వాణ్ణి. అయినా ఈ ప్రశ్న వెంటబడి ఆటిజం చరిత్ర చదువుతూ పోయాను. చదివిన కొద్దీ అదొక కోర్టు కథలా కనిపించింది. కొన్నిసార్లు తల్లి అందులో సాక్షి. ఎక్కువసార్లు ముద్దాయి. ఎప్పుడు సాక్షి, ఎప్పుడు ముద్దాయి అన్నదాన్ని బట్టే సైన్సు ముందుకి వెళ్ళిందా, వెనక్కి వెళ్ళిందా అన్నది కూడా తేలింది.

సుభద్ర నిద్ర

ముందు మన ఇంట్లోంచే మొదలుపెడదాం. పెదవి చీలి పుట్టిన పిల్లల్ని తెలుగులో ఏమంటాం? గ్రహణం మొర్రి అంటాం. ఇంకే జబ్బుకీ లేని సౌకర్యం ఇది. రోగం పేరులోనే కారణం ఉంది, నేరస్తురాలు కూడా ఉంది. గ్రహణం రోజు కడుపుతో ఉన్న మనిషి కదలకుండా పడుకోవాల్సింది, పడుకోలేదు, ఏ కూరగాయో తరిగింది, అందుకే ఇలా అని. నిజానికి బిడ్డ పెదవి గర్భం వచ్చిన 4 నుంచి 7 వారాల మధ్యే తయారైపోతుంది. 'కడుపుతో ఉంది, జాగ్రత్త' అని చుట్టుపక్కలవాళ్ళు చెప్పే నాటికి ఆ పని ఎప్పుడో ముగిసి ఉంటుంది. మాట మాత్రం మిగిలిపోయింది. ఇవాళ్టికీ ఆసుపత్రి బోర్డుల మీద కూడా ఆ మాటే రాస్తారు.

అభిమన్యుడి కథ ఇంకా ఆసక్తికరం. మనందరికీ తెలిసిన కథలో తల్లి కడుపులో ఉండగా పద్మవ్యూహం సంగతి విన్నాడు. చెప్పింది అర్జునుడని కొందరు, కృష్ణుడని కొందరు. లోపలికి వెళ్ళే దారి విన్నాడు, బయటికి వచ్చే దారి చెప్పేసరికి సుభద్ర నిద్రపోయింది. అందువల్ల కొడుకు చచ్చిపోయాడు. వ్యాసుడి ద్రోణపర్వంలో అభిమన్యుడు ధర్మరాజుతో చెప్పే మాట వేరు: వ్యూహాన్ని ఛేదించడం తండ్రి నేర్పాడు, ఆపద వస్తే బయటపడటం తనకి రాదు. అక్కడ కడుపూ లేదు, నిద్రా లేదు. తండ్రి సగమే నేర్పిన చదువు, జనం నోళ్ళలో నలిగి నలిగి, తల్లి తీసిన కునుకు అయింది. ఒక్కసారి అలా మారాక పాత కథ ఎవరికీ గుర్తులేదు.

బాల్టిమోర్, 1943

ఆటిజం అనే పేరుతో ఈ పిల్లల్ని ఇవాళ మనం గుర్తుపట్టే రూపంలో వర్ణించిన వ్యాసం 1943లో వచ్చింది. రాసింది లియో కానర్, బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్‌లో పిల్లల మానసిక వైద్యుడు. 11 మంది పిల్లలు: 8 మంది అబ్బాయిలు, ముగ్గురు అమ్మాయిలు. మొదటి కేసు మిసిసిపీకి చెందిన డొనాల్డ్. వాళ్ళ నాన్న లాయరు. కొడుకుని తీసుకొచ్చేముందు కానర్‌కి 33 పేజీల ఉత్తరం టైపు చేయించి పంపాడు. పిల్లాడు ఎప్పుడు ఏం తిన్నాడు, ఏ మాట ఎలా పలికాడు, వస్తువుల్ని ఎలా గిరగిరా తిప్పుతాడు, అన్నీ అందులో ఉన్నాయి. కానర్ వర్ణనలో చాలా భాగం అలాంటి తల్లిదండ్రుల కళ్ళతో చూసిందే.

ఆ వ్యాసం చివర్లో కానర్ ఈ పిల్లలు పుట్టుకతోనే ఇలా ఉన్నారని తేల్చాడు. అక్కడితో ఆగి ఉంటే బావుండేది. కానీ అదే వ్యాసంలో ఇంకో గమనిక కూడా పెట్టాడు: ఈ తల్లిదండ్రులందరూ బాగా చదువుకున్నవాళ్ళు, వీళ్ళలో నిజంగా ఆప్యాయత ఉన్నవాళ్ళు తక్కువ, ఇంత వివరంగా డైరీలు రాయడమే వాళ్ళ చాదస్తానికి గుర్తు అని. తనకి ఆధారంగా పనికొచ్చిన సాక్ష్యాన్నే సాక్షి మీద నేరారోపణకి వాడుకున్నాడన్నమాట.

11 మంది తల్లుల్లో 9 మంది కాలేజీ చదువు చదివినవాళ్ళు. 1940ల అమెరికాలో అది మామూలు విషయం కాదు. దీనికి చాలా తేలికైన కారణం ఉంది. ఆ రోజుల్లో ఇలాంటి పిల్లాణ్ణి ఎక్కడెక్కడినుంచో రైలెక్కించి బాల్టిమోర్ దాకా తీసుకురాగలిగింది ఎవరు? డబ్బూ చదువూ ఉన్నవాళ్ళే. మిగతావాళ్ళ పిల్లలు వేరే ఏదో ముద్ర వేయించుకుని ప్రభుత్వ ఆశ్రమాల్లో మగ్గారు. వచ్చినవాళ్ళని మాత్రమే లెక్కపెట్టి, ఎందుకొచ్చారో అడక్కుండా, 'చదువుకున్న తల్లి' అనేది ఒక లక్షణంగా మారిపోయింది. డేటాతో పనిచేసే ఎవరికైనా ఈ పొరపాటు తెలిసిందే. మేం కూడా కంప్లయింట్ చేసిన యూజర్లని మాత్రమే చూసి యూజర్లందరి గురించీ మాట్లాడేస్తూ ఉంటాం.

1949లో కానర్ ఇంకో వ్యాసంలో ఈ పిల్లలు మంచు కరగని రిఫ్రిజిరేటర్లలో పెరిగినవాళ్ళు అనే పోలిక వాడాడు. 1960లో టైమ్ పత్రికలోనూ అదే ధోరణిలో మాట్లాడాడు. కొత్త వస్తువులతో వంటిళ్ళు నిండుతున్న అమెరికా అది. పోలిక ఇట్టే అతుక్కుంది. 'రిఫ్రిజిరేటర్ మదర్' అనే మాట పుట్టింది. కానర్ చెప్పింది తల్లిదండ్రులిద్దరి గురించీ. జనం వాడుకలో తండ్రి నెమ్మదిగా జారుకున్నాడు.

ఖాళీ కోట

ఆ మాటని సిద్ధాంతంగా కట్టిన మనిషి బ్రూనో బెటెల్‌హైమ్. వియన్నాలో పుట్టాడు, కుటుంబానిది కలప వ్యాపారం. చదివింది తత్వశాస్త్రం. యూదుడు కావడంతో 1938లో నాజీలు పట్టుకెళ్ళారు. డాహావ్, బూకెన్‌వాల్డ్ శిబిరాల్లో దాదాపు పదకొండు నెలలు ఉండి, 1939లో విడుదలై అమెరికా చేరాడు. 1944 నుంచి 1973 దాకా షికాగో విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలోని పిల్లల ఆశ్రమ పాఠశాలని నడిపాడు.

శిబిరంలో ఖైదీలు ఆశ వదిలేసి, చుట్టూ ఉన్న ప్రపంచానికి స్పందించడం మానేసి, తమలోకి ముడుచుకుపోవడం అతను చూశాడు. షికాగోలో ఆటిజం ఉన్న పిల్లల్ని చూసినప్పుడు అదే గుర్తొచ్చింది. ముడుచుకుపోయారంటే ఎవరో భయపెట్టి ఉండాలి. శిబిరంలో గార్డు ఉన్నాడు. ఇంట్లో ఎవరున్నారు? అమ్మ ఉంది. 1967లో వచ్చిన 'ది ఎంప్టీ ఫోర్ట్రెస్' సారాంశం ఇదే: ఈ బిడ్డ లేకుండా ఉంటే బావుండునని తల్లిదండ్రులు లోలోపల కోరుకోవడమే ఆటిజానికి దారితీస్తుంది. చికిత్స ఏమిటంటే పిల్లల్ని తల్లిదండ్రులనుంచి దూరంగా ఉంచడం.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఇదే. బెటెల్‌హైమ్ ఏదో కట్టుకథ అల్లాలని కూర్చోలేదు. తను అనుభవించిన నరకమే అతనికి తెలిసిన ఏకైక కొలబద్ద. దాంతోనే ప్రపంచాన్నంతా కొలిచాడు. చక్కటి రచయిత కాబట్టి జనం నమ్మారు. టీవీలో, పత్రికల్లో అతనే నిపుణుడు. ఒక తరం తల్లులు డాక్టరు దగ్గరకి పిల్లాడి కోసం వెళ్ళి, తమకే మానసిక చికిత్స రాయించుకుని ఇంటికొచ్చారు. 1990లో అతను చనిపోయాక ఆ పాఠశాలలో పెరిగినవాళ్ళు కొందరు అక్కడ దెబ్బలూ అవమానాలూ తిన్నామని బయటికి చెప్పారు. నయం చేశానన్న లెక్కలు కూడా నిలబడలేదు.

అదే 1967లో ఇంకో పుస్తకం వచ్చింది. పేరు 'ది సీజ్', అంటే కోట ముట్టడి. రాసింది క్లారా క్లెయిబోర్న్ పార్క్ అనే ఇంగ్లీషు అధ్యాపకురాలు. ఆటిజం ఉన్న తన కూతురి మొదటి ఎనిమిదేళ్ళ కథ. ఒకే ఏడాది, ఒకే పోలిక. ఒకాయన బయటనుంచి చూసి కోట ఖాళీ అన్నాడు. ఇంకొకామె లోపల మనిషి ఉందని తెలుసు కాబట్టి గోడ దగ్గరే గుడారం వేసుకుంది. ఆ కూతురు జెస్సీ పార్క్ తర్వాత చిత్రకారిణి అయింది.

ఒక నాన్న, ఇరవై ఒక్క జతల కవలలు

సిద్ధాంతాన్ని పడగొట్టింది బెర్నార్డ్ రిమ్‌లాండ్. అమెరికా నౌకాదళంలో పనిచేసే సైకాలజిస్టు. 1956లో పుట్టిన కొడుకు మార్క్‌కి ఆటిజం. భార్యని దగ్గర్నుంచి చూసిన మనిషి కాబట్టి రిఫ్రిజిరేటర్ కథ ఆయనకి మింగుడుపడలేదు. లైబ్రరీల్లో దొరికిందంతా చదివి 1964లో 'ఇన్‌ఫెంటైల్ ఆటిజం' రాశాడు. తల్లి ప్రేమ లేకపోవడం వల్ల ఇలా అవుతుందనడానికి ఒక్క ఆధారం కూడా లేదని, ఇది శరీరానికి సంబంధించిన విషయమని వాదించాడు. ముందుమాట రాసింది కానరే! పుస్తకం చివర ఒక ప్రశ్నావళి పెట్టాడు. దేశం నలుమూలలనుంచీ తల్లిదండ్రులు దాన్ని నింపి పంపారు. మా అక్క నింపిన ఫారానికి ఇది ఒకరకంగా తాతలాంటిది. ఒకటే తేడా: అక్కడ అడిగేవాడు కూడా వాళ్ళలో ఒకడే.

1969లో వాషింగ్టన్‌లో జరిగిన తల్లిదండ్రుల సంఘం సభలో కానర్ లేచి, తల్లిదండ్రులుగా మిమ్మల్ని నిర్దోషులుగా విడిచిపెడుతున్నానని చెప్పాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కోర్టు భాషలోనే చెప్పాడు చూడండి. శిక్ష ఇరవై ఏళ్ళు అనుభవించాక వచ్చిన తీర్పు.

1977లో సూజన్ ఫోల్‌స్టైన్, మైకేల్ రట్టర్ బ్రిటన్‌లో 21 జతల కవలల్ని పరిశీలించి నేచర్ పత్రికలో ప్రచురించారు. రూపంలో ఒకేలా ఉండే, అంటే జన్యువులు ఒకటే అయిన 11 జతల్లో 4 జతల్లో ఇద్దరికీ ఆటిజం ఉంది. మామూలు కవలలు 10 జతల్లో ఒక్క జతలోనూ ఇద్దరికీ లేదు. ఆటిజంలో వంశపారంపర్యం పాత్ర పెద్దదని తేలింది. ఇటీవల, 2019లో, అయిదు దేశాల్లో 20 లక్షలకు పైగా పిల్లల రికార్డులతో చేసిన అధ్యయనం కూడా పిల్లల మధ్య తేడాల్లో దాదాపు 80 శాతం వారసత్వంగా వచ్చిన జన్యువులతో ముడిపడి ఉందని లెక్కకట్టింది.

అయితే 1977 వ్యాసంలోనే చాలామంది దాటేసే ఇంకో విషయం ఉంది. కవలల్లో ఒకరికే ఆటిజం ఉన్న జతలు 17. వాటిలో 12 జతల్లో, ఆటిజం ఉన్న బిడ్డకి పుట్టుక సమయంలోనో ఆ దరిదాపుల్లోనో మెదడుకి హాని చేయగల ఏదో ఒక ఆపద ఎదురైంది. అంటే జన్యువులతో కథ ముగియలేదు. కడుపులో, కాన్పులో ఏం జరిగిందో కూడా చూడాలి. ఇక్కడే ఇబ్బంది. తల్లుల్ని అంతగా వేధించాక మళ్ళీ 'కడుపుతో ఉన్నప్పుడు ఏం జరిగింది' అని ఎవరడుగుతారు? అడక్కపోతే మాత్రం నిజం ఎలా తెలుస్తుంది?

వెయిటింగ్ హాల్లో మాటలు

దానికి జవాబు ఒక కంటి డాక్టరు దగ్గర దొరికింది, అదీ కానర్ కంటే రెండేళ్ళ ముందు. సిడ్నీలో నార్మన్ గ్రెగ్ దగ్గరికి 1941లో పుట్టుకతోనే కంటిలో శుక్లాలున్న పసిపిల్లలు వరసగా వస్తున్నారు. అంతమంది ఒకేసారి రావడం ఆయనెప్పుడూ చూడలేదు. తన వెయిటింగ్ హాల్లో ఇద్దరు ముగ్గురు తల్లులు, కడుపుతో ఉన్నప్పుడు తమకి రుబెల్లా వచ్చిందని మాట్లాడుకోవడం ఆయన చెవిన పడిందని చెబుతారు. మిగతావాళ్ళనీ అడిగాడు. 78 మంది పిల్లల వివరాలు సేకరిస్తే, వాళ్ళలో చాలామంది తల్లులకి గర్భం తొలినాళ్ళలో రుబెల్లా వచ్చింది. పెద్దవాళ్ళకి మూడు రోజుల దద్దుర్లుగా వచ్చిపోయే జబ్బు కడుపులో బిడ్డ కళ్ళనీ చెవుల్నీ గుండెనీ దెబ్బతీస్తుందని ప్రపంచానికి తెలిసింది అలా. ఆయన చేసిందల్లా తల్లుల మాట విని నమ్మడం.

1964-65లో అమెరికాలో రుబెల్లా పెద్ద ఎత్తున వచ్చింది. కోటీ పాతిక లక్షల మందికి సోకిందని, దాదాపు 20,000 మంది పిల్లలు దాని ప్రభావంతో పుట్టారని అంచనా. న్యూయార్క్‌లో స్టెల్లా చెస్ అనే పిల్లల మానసిక వైద్యురాలు అలాంటి 243 మందిని పరీక్షించింది. 10 మందికి పూర్తిగా, 8 మందికి పాక్షికంగా ఆటిజం లక్షణాలు కనిపించాయి. అప్పట్లో బ్రిటన్‌లో వేసిన లెక్క ప్రకారం మామూలు పిల్లల్లో ఆటిజం 10,000 మందికి నలుగురైదుగురు. ఆమె 1971లో ఇది ప్రచురించే నాటికి బెటెల్‌హైమ్ ఇంకా టీవీలో తల్లుల గురించి చెబుతూనే ఉన్నాడు.

రుబెల్లా టీకా 1969లో వచ్చింది. అమెరికాలో ఆ జబ్బు నిర్మూలనైందని 2004లో ప్రకటించారు. మన దేశంలో 9 నెలల నుంచి 15 ఏళ్ళ దాకా పిల్లలందరికీ తట్టు-రుబెల్లా టీకా వేసే కార్యక్రమం 2017లో మొదలైంది. ఆటిజానికి కచ్చితంగా తెలిసిన కారణాల్లో ఒకదాన్ని పూర్తిగా ఆపగలిగిన సాధనం ఈ టీకాయే. విచిత్రం ఏమిటంటే 1998లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే బ్రిటిష్ వైద్యుడు 12 మంది పిల్లల్ని చూపించి ఆటిజానికీ ఈ రుబెల్లా టీకా కలిసి ఉన్న ఎంఎంఆర్ టీకాకీ ముడిపెట్టాడు. 2010లో లాన్సెట్ పత్రిక ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకుంది, అతని వైద్య రిజిస్ట్రేషనూ పోయింది. కానీ ఈలోపు లక్షల ఇళ్ళల్లో తల్లులు 'టీకా వేయించి నేనే చేజేతులా చేశానా' అనుకున్నారు. చివరికి రిమ్‌లాండ్ కూడా ఆ టీకాల వాదం వైపే వెళ్ళిపోయాడు. ఒకప్పుడు ఆధారమేదని అడిగిన మనిషి!

ఇరవయ్యో రోజు

తర్వాతి ఆధారం కూడా కంటి డాక్టర్లదే. 1957లో జర్మనీలో థాలిడోమైడ్ అనే నిద్రమాత్ర మార్కెట్లోకి వచ్చింది. గర్భిణులకి కూడా పూర్తిగా సురక్షితమని చెప్పి, వేవిళ్ళకి ఇచ్చారు. 1961 చివర వెనక్కి తీసుకునే లోపు ప్రపంచవ్యాప్తంగా పదివేల మందికి పైగా పిల్లలు చేతులూ కాళ్ళూ సరిగా లేకుండా పుట్టారు. మూడు దశాబ్దాల తర్వాత కెర్‌స్టిన్ స్ట్రోమ్‌లాండ్, మెరిలిన్ మిల్లర్ అనే ఇద్దరు కంటి డాక్టర్లు స్వీడన్‌లో అలా పుట్టి పెద్దయిన 100 మంది కళ్ళు పరీక్షిస్తూ, వాళ్ళలో కనీసం నలుగురికి ఆటిజం ఉందని గమనించారు. 1994లో ప్రచురించారు. ఏ అవయవం దెబ్బతిన్నదో చూస్తే మందు ఏ రోజుల్లో పనిచేసిందో తెలుస్తుంది. ఆ నలుగురి విషయంలో అది గర్భధారణ తర్వాత సుమారు 20 నుంచి 24 రోజుల మధ్య అని లెక్కతేలింది.

ఇరవయ్యో రోజు! చాలామందికి నెల తప్పిన సంగతి కూడా అప్పటికి ఖాయం కాదు. ఆ రోజు ఒక తల్లి 'జాగ్రత్తగా ఉండటం' అంటే ఏమిటి? కడుపుతో ఉన్నానని తెలియకుండానే, డాక్టరు రాసిన మందు, సురక్షితమని కంపెనీ చెప్పిన మందు వేసుకుంది. ఆమె చేసిన తప్పేమిటో నాకైతే కనబడదు.

మూడోది వాల్‌ప్రోయేట్. 1962లో ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో వేరే మందుల్ని కరిగించడానికి వాడుతుండగా దానికే మూర్ఛని ఆపే గుణం ఉందని తెలిసింది. 1967 నుంచి అమ్మకంలో ఉంది. మంచి మందు, ఎందరి ప్రాణాలో కాపాడింది. కానీ 2013లో డెన్మార్క్‌లో 6,55,615 మంది పిల్లల రికార్డులు చూస్తే, తల్లి కడుపులో ఈ మందుకి గురైన 508 మందిలో 4.42 శాతానికి ఆటిజం తేలింది. మిగతా పిల్లల్లో అది 1.53 శాతం. దీన్ని ఇంకో వైపునుంచి కూడా చదవాలి: ఆ మందు వాడినా 95 శాతం పిల్లలకి ఆటిజం రాలేదు. అలాగని మూర్ఛ ఉన్న మనిషి సొంతంగా మందు ఆపేస్తే తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ప్రమాదం. ఇది డాక్టరుతో కూర్చుని, ముందుగానే తేల్చుకోవాల్సిన సంగతి.

ముందుగా చెప్పారా మరి? బ్రిటన్‌లో 1970ల్లోనే ఈ మందుతో కడుపులో బిడ్డకి ముప్పు ఉండొచ్చని అధికారులకి తెలుసని, రోగులకిచ్చే కరపత్రంలో మాత్రం ఆ మాట పెట్టొద్దనుకున్నారని పాత పత్రాల్లో బయటపడింది. 2020 జులైలో కంబర్‌లెజ్ సమీక్ష నివేదిక వచ్చింది. ఏళ్ళ తరబడి ఆడవాళ్ళు చెబుతున్నా వ్యవస్థ వినలేదన్నదే దాని సారం. గ్రెగ్ వెయిటింగ్ హాల్లో నిలబడి విన్న మాటల్ని, డెబ్భై ఏళ్ళు దాటాక కూడా వినిపించుకోవడానికి ఒక విచారణ సంఘం కావలసివచ్చింది.

మళ్ళీ డోలో దగ్గరికి

2025 సెప్టెంబరు 22న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ వైట్‌హౌస్‌లో నిలబడి గర్భిణులు టైలెనాల్ వాడొద్దని, ఓర్చుకోమని చెప్పాడు. టైలెనాల్ అంటే పారాసెటమాల్. అంటే మన డోలో. మర్నాడు పొద్దున్నే అక్క నుంచి మెసేజ్ వచ్చింది: 'చూశావా?' అంతే. నాలుగేళ్ళ కిందటి బ్రాకెట్ ఇంకా మూసుకోలేదని నాకర్థమైంది.

ఈ సందేహం పూర్తిగా గాల్లోంచి రాలేదు. కొన్ని అధ్యయనాల్లో పారాసెటమాల్ వాడిన తల్లుల పిల్లల్లో ఆటిజం కాస్త ఎక్కువ కనిపించింది. కానీ పారాసెటమాల్ ఊరికే వేసుకోరు కదా. జ్వరమో, నొప్పో, ఇన్‌ఫెక్షనో ఉంటే వేసుకుంటారు. తేడా మందు వల్ల వచ్చిందా, జ్వరం వల్లా, అసలు ఆ కుటుంబంలోని జన్యువుల వల్లా? మా భాషలో చెప్పాలంటే రెండు లాగ్‌లు ఒకే టైముకి కనబడినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదు. దీన్ని విడదీయడానికి స్వీడన్‌లో తెలివైన పద్ధతి వాడారు. 1995 నుంచి 2019 దాకా పుట్టిన దాదాపు 25 లక్షల మంది పిల్లల రికార్డుల్లోంచి, ఒకే తల్లి పిల్లల్లో ఒకరి కడుపప్పుడు మందు వాడి, ఇంకొకరప్పుడు వాడని అన్నదమ్ముల్నీ అక్కచెల్లెళ్ళనీ తీసి పోల్చారు. తల్లి ఒకరే, ఇల్లు ఒకటే. అలా పోల్చి చూస్తే తేడా మాయమైంది. 2024లో ఈ ఫలితం వచ్చింది. అక్కకి నేను పంపింది ఇదే. పైగా ఎక్కువ జ్వరాన్ని తగ్గించకుండా ఓర్చుకోవడం కడుపులో బిడ్డకి మంచిది కాదని వైద్యులు ఎప్పట్నుంచో చెబుతున్నారు.

అమెరికాలో ఎనిమిదేళ్ళ పిల్లల్లో ఆటిజం 2000లో 150 మందికి ఒకరు, 2022లో 31 మందికి ఒకరు. ఈ అంకె చూస్తే ఎవరికైనా 'ఏదో కొత్త విషం వచ్చింది' అనిపిస్తుంది. కానీ ఈ మధ్యకాలంలో నిర్వచనం విస్తరించింది, పరీక్షలు పెరిగాయి, ఇదివరకు 'మందబుద్ధి' అనో 'వింత మనిషి' అనో వదిలేసినవాళ్ళు లెక్కలోకొచ్చారు. పెరుగుదలలో పెద్ద భాగం ఇదే.

ఇంకోటి. తండ్రి వయసు. 2006లో ఇజ్రాయెల్ సైన్యంలో చేరికల రికార్డులతో చేసిన అధ్యయనంలో తండ్రికి 40 దాటాక పుట్టిన పిల్లల్లో ఆటిజం, 30 లోపు తండ్రుల పిల్లలకంటే అయిదు రెట్లకి పైన కనిపించింది. తర్వాతి అధ్యయనాల్లో అంకె బాగా తగ్గింది కానీ దిశ మారలేదు. 2012లో ఐస్‌లాండ్ పరిశోధన దీనికి ఒక దారి చూపింది: తండ్రి వయసు పెరిగే ఒక్కో ఏడాదికీ బిడ్డకి సుమారు రెండు కొత్త మ్యుటేషన్లు అదనంగా అందుతాయి. దీన్నిబట్టి ముప్పై దాటిన నాబోటి మగవాళ్ళని ఎవరైనా నిలదీశారా? 'కంపెనీలు మారుతూ పెళ్ళి వాయిదా వేశాడు, అందుకే' అని ఏ పెద్దమ్మా అనలేదు. అనకూడదు కూడా. కానీ 'ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని పనిచేసింది' అని అక్కని అన్నారు.

ఎవరు, ఏది

మా ఉద్యోగంలో సర్వరు పడిపోతే తర్వాత ఒక మీటింగ్ పెట్టుకుంటాం. 'ఎవరు చేశారు' అని అడక్కూడదన్నది అక్కడి నియమం. 'ఇలా జరగడానికి ఏది వీలిచ్చింది' అని అడగాలి. మర్యాద కోసం పెట్టుకున్న నియమం కాదిది. ఎవరని అడిగితే జనం దాస్తారు. దాస్తే కారణం దొరకదు. ఈ చరిత్రంతా చదివాక నాకు తోచింది కూడా అదే. రుబెల్లా, థాలిడోమైడ్, వాల్‌ప్రోయేట్: గర్భంలో ఎదురయ్యే కారణాల్లో గట్టిగా రుజువైనవి చూడండి. ఒక్కటీ తల్లి గుణం కాదు, తల్లి అలవాటు కాదు. మూడూ బయటినుంచి ఆమె దగ్గరకి వచ్చినవే. వాటికి పరిష్కారం కూడా ఆమె ఓర్పుతో రాలేదు. టీకాతో, మందుల చట్టాలతో, నిజం రాసిన కరపత్రంతో వచ్చింది.

ఫోలిక్ యాసిడ్ సంగతీ అంతే. 2013లో నార్వేలో 85,176 మంది పిల్లల మీద చేసిన అధ్యయనంలో, గర్భానికి నాలుగు వారాల ముందునుంచి ఎనిమిదో వారం దాకా ఆ మాత్రలు వాడిన తల్లుల పిల్లల్లో తీవ్రమైన ఆటిజం వెయ్యికి ఒకరు, వాడనివాళ్ళలో వెయ్యికి ఇద్దరు. ఇది ముడి మాత్రమే, రుజువు కాదు. అయినా వెన్నెముక లోపాల్ని ఆపుతుంది కాబట్టి వాడటం ఎలాగూ మంచిదే. కానీ గర్భానికి ముందే మాత్ర వేసుకోవాలంటే ఆ మనిషికి ముందే చెప్పేవాళ్ళుండాలి, మాత్ర అందాలి. 'ఆమె వేసుకోలేదు' అనడం తేలిక. 'ఆమెకి అందలేదు' అంటే ఎవరో ఒకరు పని చేయాల్సి వస్తుంది.

ఈ కోర్టులో ఇంతసేపూ నోరు విప్పనివ్వని మనుషులు ఇంకొందరున్నారు. ఆటిజం ఉన్నవాళ్ళే. 1993లో జిమ్ సింక్లెయిర్ తల్లిదండ్రులతో, మా కోసం ఏడవకండి అని చెప్పారు. తను కూడా ఆటిస్టిక్. పోయింది మీరు ఊహించుకున్న బిడ్డ, మేం ఇక్కడే ఉన్నాం అన్నది ఆ మాటల సారం. కారణం కోసం వెతకొద్దని దీనర్థమని నేననుకోను. రుబెల్లా పిల్లల చూపు, వినికిడి, గుండె కూడా తీసుకుపోయింది, దాన్ని ఆపడం మంచి పనే. కానీ 'ఎందుకిలా పుట్టాడు' అనే ప్రశ్న మీద ఇంట్లో ఖర్చయ్యే ప్రతి సాయంత్రమూ 'వీడికేం కావాలి' అనే ప్రశ్న నుంచి తీసేసుకున్నదే.

మా మేనల్లుడికిప్పుడు ఏడేళ్ళు. మాటలు తక్కువ, మెట్రో స్టేషన్ల పేర్లు మాత్రం మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా వరస తప్పకుండా చెబుతాడు, వెనకనుంచి కూడా. మొన్న కొత్త థెరపీ సెంటర్లో చేర్చేటప్పుడు మళ్ళీ ఒక ఫారం ఇచ్చారు. మళ్ళీ అవే పేజీలు. ఈసారి బావ కూడా వచ్చాడు. పెన్ను ఆయనే తీసుకున్నాడు. గర్భంతో ఉన్నప్పుడు వాడిన మందులు అన్న గడి దగ్గర ఆగి అక్క వైపు చూశాడు. "డోలో, రెండు" అంది అక్క. బావ రాసి, తర్వాతి గడికి వెళ్ళిపోయాడు. బ్రాకెట్ ఏమీ పెట్టలేదు.